చిలుకమ్మ చూసిన వెన్నునీళ్ళు

మట్టెవాడలో సారంగపాణి డాక్టరు నడిపే పిల్లల దవాఖానలో చిలుకమ్మ పద్దెనిమిదేండ్లు ఆయాగా చేసింది. ఫిట్స్ వచ్చిన పిల్లల వెన్నులోంచి నీళ్ళు తీసేటప్పుడు, మోకాళ్ళు కడుపుకు ఆనించి, మెడ వంచి, కదలకుండా పట్టుకునేది ఆమెనే. ఆ నీళ్ళు పట్టిన సీసాను వెనక గదిలోని ల్యాబుకు తీసుకుపోయేదీ ఆమెనే. నీళ్ళు మసకగా ఉంటే చీము, తేటగా ఉంటే గండం గడిచినట్టే అనుకునేది. చాలాసార్లు అట్లనే జరిగింది కూడా.

ఎనభై రెండు వానకాలంలో, మిరప తొడిమెలు తీసే కూలికి పోయే బక్కమ్మ నాలుగేండ్ల బిడ్డ విజయను ఎత్తుకొచ్చింది. రెండు రోజుల జ్వరం, పొద్దటి నుంచి ఆగని ఫిట్స్. వెన్నులో సూది గుచ్చితే కాళ్ళు పడిపోతయని బక్కమ్మ ఒప్పుకోలేదు. చిలుకమ్మ బతిమాలి ఒప్పించింది. నీళ్ళు తీసినంక సీసాను వెలుగుకు పట్టి చూసింది.

"తేటగున్నయి చెల్లె, ఫికర్ జెయ్యకు."

బక్కమ్మ ఆమె చేతులు పట్టుకొని ఏడ్చింది.

మర్నాడు ల్యాబు కాగితం వచ్చింది. చీము లేదు గానీ, నీళ్ళలో ప్రొటీను ఉండాల్సినదానికి మూడింతలుంది. అది మెదడువాపు గుర్తని, మెదడు అప్పటికే దెబ్బతిన్నదని, పిల్ల బతికినా మునుపటిలా ఉండదని డాక్టరు అన్నాడు. తల్లికి నెమ్మదిగా చెప్పమని చిలుకమ్మకు అప్పజెప్పి వేరే వార్డుకు పోయాడు. చిలుకమ్మ చెప్పలేదు. నిన్న అన్న మాటను ఏ మొఖం పెట్టుకొని వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

విజయ బతికింది. మాట పోయింది. ఎడమకాలు ఈడ్చి నడిచేది. సూది వల్లనే ఇట్లయిందని బక్కమ్మ వాడంతా చెప్పింది.

మూడేండ్లకు అదే వాడ నుంచి యాకయ్య ఫిట్స్ వచ్చిన ఏడాది బిడ్డను తెచ్చాడు. వెన్నుసూది అనగానే, విజయకైనట్టే అయితదని పిల్లను భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. నాలుగో రోజు ఆ పిల్ల చనిపోయిందని కబురొచ్చింది.

అప్పుడు పోయింది చిలుకమ్మ, బక్కమ్మ ఇంటికి. సూది గుచ్చకముందే మెదడు చెడిందని, ఆ నీళ్ళలోనే అది తేలిందని, తానే దాచానని చెప్పింది.

బక్కమ్మ బిడ్డ మూతిని కొంగుతో తుడిచింది. "సూదికి ఒప్పుకున్నందుకు మూడేండ్లు నన్ను నేనే తిట్టుకున్న. నీకు తెలిసి గూడ ఊకున్నవా అక్కా?"

"నోరు రాలే చెల్లె."

"నోరు రానిది నా బిడ్డకు. నీకేమైంది?"

సూదితో భయం లేదని వాడలో ఒక మాట చెప్పమని చిలుకమ్మ అడిగింది. బక్కమ్మ లోపలికి పోయి తలుపు పెట్టుకుంది.

ఆ తర్వాత ఆ వాడ తల్లులు ఎవరొచ్చినా చిలుకమ్మ జరిగిందంతా దాచకుండా చెప్పేది. కొందరు సూదికి ఒప్పుకునేవారు. కొందరు మాత్రం, ఇన్నేండ్లు అబద్ధమాడినదాని మాట ఎట్ల నమ్మాలని, పిల్లలను ఎత్తుకొని పోయేవారు.