మ్యాపులో మబ్బు

ఏ తీగ కనబడినా మా బాబాయి ముందు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కళ్లు మూసుకునేవాడు, నాడి చూస్తున్నట్టు. కాసేపటికి కళ్లు తెరిచి, "బాగానే ఉంది" అనేవాడు. తీగలో ఏం తెలుస్తుందని అడిగితే, నీకు అర్థం కాదులే అనేవాడు. ఆయనకైనా అర్థమయ్యేదా అని నా అనుమానం.

ఆయన నాకు సొంత బాబాయి కాడు. ఆసుపత్రిలో కంప్యూటర్ల నెట్‌వర్క్ చూసేది మేమిద్దరం. ఆయన పెద్ద, నేను చిన్న. అందరూ ఆయన్ని నాడి బాబాయి అనేవారు. ఆ భవనంలో డాక్టర్లంతా కలిసి చూసిన నాడులకంటే ఆయనొక్కడు చూసినవే ఎక్కువ. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, చేతులు కడుక్కోకముందే ఫ్రిజ్ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. ఆయన వెళ్లాక మా అత్తగారు, ఫ్రిజ్ ఇంకెన్నాళ్లు ఉంటుందన్నాడని నన్ను అడిగింది.

రోజూ ఆరంతస్తులూ తిరగడం ఆయన పని. ప్రతి అంతస్తులోనూ తీగలు వచ్చి కలిసే పెట్టెలుంటాయి. స్విచ్‌లంటాం. వాటన్నిటి నాడీ చూసి వచ్చి, గోడమీది పెద్ద కాగితంలో పెన్సిల్‌తో దిద్దేవాడు. ఏ పెట్టెకు ఏ పెట్టె కలిసి ఉందో చెప్పే పటం అది. చెరిపి చెరిపి ఒకచోట కాగితం చిరిగింది. నర్సునడిగి ప్లాస్టర్ తెచ్చి అతికించాడు.

అలాంటి రోజుల్లో, తనంతట తానే మ్యాపు గీసుకునే సాఫ్ట్‌వేర్ పెట్టమని సూపరింటెండెంట్ గారు నాకు చెప్పారు. వారం రోజులు అది తప్పు లేకుండా నడిస్తే బాబాయి ఇక తిరగక్కర్లేదు, కుర్చీలో కూర్చుని తెర చూస్తే చాలు. ఆయన మోకాళ్లకు కూడా మంచిదన్నారు.

ఆ సాయంత్రం బాబాయి నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"నన్ను కూర్చోబెడుతున్నావన్నమాట."

"నేను కాదు బాబాయ్. సూపరింటెండెంట్ గారు."

"గీసేది నువ్వే కదమ్మా."

"నేను కాదు, అదే గీసుకుంటుంది."

"అయితే ఎవరి మీదా కోప్పడ్డానికి కూడా లేదు" అన్నాడు.

పక్కన కూర్చుని చూశాడు. ఆ సాఫ్ట్‌వేర్ గంటకోసారి ప్రతి స్విచ్‌నూ పలకరించి, నీ పక్కన ఎవరున్నారని అడుగుతుంది. స్విచ్ చెప్పినదాన్నిబట్టి గీత గీస్తుంది. అడగ్గానే పక్కింటి సంగతులు చెప్పేస్తాయా అని ఆయన చాలా బాధపడ్డాడు. మర్నాడు నాకు చెప్పకుండా రెండో అంతస్తులో ఒక తీగ పీకి వేరే పెట్టెకు తగిలించి వచ్చాడు. గంట తిరక్కుండానే తెరమీద గీత జరిగింది. ఆయన రెండు వేళ్లు తెరకు ఆనించాడు. "బాగానే ఉంది" అన్నాడు, ఎవరినో సాగనంపుతున్నట్టు.

ఐదు రోజులు గడిచాయి. తప్పులేమీ లేవు, ఒక్కచోట తప్ప. నేలమాళిగలో పాత ఫైళ్ల గది ఉంది. అక్కడి నాలుగు కంప్యూటర్లూ పై అంతస్తు స్విచ్‌లో ఒకే రంధ్రానికి వేలాడుతున్నట్టు కనబడింది. ఒక రంధ్రంలో ఒక తీగే పడుతుంది. మధ్యలో ఏదో ఉండాలి. ఏముందో తెలియక సాఫ్ట్‌వేర్ అక్కడ చిన్న మబ్బు బొమ్మ వేసింది.

బాబాయినడిగితే, అది పాత మూగ పెట్టె, పలకరించినా పలకదు, వదిలెయ్యమన్నాడు. నేను వదల్లేదు. స్టోర్ గదిలో వెతికితే కొత్త స్విచ్ దొరికింది. అట్టపెట్టె మీద "ఫైళ్ల గదికి" అని బాబాయి చేతిరాత, రెండేళ్ల కిందటి తేదీ. సీలు కూడా విప్పలేదు. తిరుగుళ్లు పోతాయనే దాచాడనుకుని, నేనే బిగించేద్దామని పదకొండింటికి కిందికి వెళ్లాను.

తలుపు ఓరగా ఉంది. గోడవారగా స్టూలు మీద కూర్చుని బాబాయి తీగ పట్టుకుని ఉన్నాడు. ఫైళ్లు చూసే పెద్దావిడ, ఎనిమిది నెలల్లో పదవీ విరమణ చెయ్యాల్సినావిడ, ఏ ఫైలు కావాలో రాసిన ఒక చీటీని ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూస్తోంది.

"ఇలా ఇవ్వక్కా" అని బాబాయి ఊసుపోనట్టు ఆ చీటీనీ, పక్కనున్న ఇంకోదాన్నీ అందుకున్నాడు. "నాలుగు వేల పన్నెండట. తర్వాతది ఏడు వందల అరవై."

ఆవిడ లేచి, తడుముకోకుండా బీరువాల మధ్యకు నడిచి రెండు ఫైళ్లు తెచ్చింది. ఏ అరలో ఏముందో ఆ చేతులకు తెలుసు. బాబాయి రెండింటి మీదా అంకెలు చూసి పక్కన పెట్టాడు.

"పెట్టె చూడమంటే నా చీటీలు చదువుతావేం తమ్ముడూ?"

"అలవాటక్కా. చేతిలో ఏదుంటే అది చదువుతా."

"పాడు అలవాటు" అంది ఆవిడ, మూడో చీటీ ఆయన చేతికిస్తూ.

బయటికొచ్చాక నా చేతిలోని అట్టపెట్టెను చూశాడు.

"కళ్లు మసకలు. పైవాళ్లకు తెలిస్తే ఈ ఎనిమిది నెలలూ ఉండనివ్వరు. సాయం చేస్తానంటే ఆవిడ ఒప్పుకోదు. పెట్టె బాగోలేదంటే రానిస్తుంది."

"అయితే ఆ నాడి చూడ్డం?"

"ప్లాస్టిక్‌లో ఏం నాడి ఉంటుందమ్మా. కళ్లు మూసుకుని నిలబడితే, నేను లేననుకుని మనుషులు తమలో తాము మాట్లాడుకుంటారు. ఎవరికేం కావాలో తెలుస్తుంది."

కొత్త స్విచ్‌ను స్టోర్ గదిలో ఎక్కడిదక్కడ పెట్టేశాను.

వారం చివర సూపరింటెండెంట్ గారు వచ్చి తెర చూశారు. మబ్బేమిటన్నారు. పాత పెట్టె అనీ, పలకదు గనక రోజూ ఎవరో ఒకరు వెళ్లి చూడాలనీ, ఎనిమిది నెలల్లో మార్చేస్తామనీ చెప్పాను. ఎనిమిదే ఎందుకని ఆయన అడగలేదు.

"సరే, ఆ ఒక్కచోటికి మాత్రం ఆయన్ని వెళ్లమనండి" అన్నారు.

మర్నాడు ఉదయం బాబాయి నాకంటే ముందే వచ్చాడు. పనికిరాని సామాన్లలోంచి ఇంకో మూగ పెట్టె ఏరి, దుమ్ము తుడిచి, ఐదో అంతస్తులో బిగించాడు. అక్కడొక గుమాస్తా ఉన్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచి మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తీసుకెళ్తున్నాడట. నేను తెర తెరిచేసరికి మబ్బులు రెండయ్యాయి. బాబాయికి ఫోన్ చేస్తే, ఈ రెండో పెట్టెను సరిగ్గా ఒంటిగంటకే చూడాలి, మీ బాబాయి భోజనం కూడా అక్కడే అన్నాడు.