అంగిటికి ఆనే వైపు

మా గురువుగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిడ చెప్పినవి రెండే మాటలు. "మీ గురువుగారు తెల్లవారుజామున వెళ్ళిపోయారండి. మీరొకసారి రావాలి, ఆయనకి పళ్ళు కుదరట్లేదు."

రెండో మాట చదివేవారికి వింతగా తోచవచ్చు. ఆయన నరసాపురంలో ముప్పయ్యేళ్ళకు పైగా కట్టుడు పళ్ళు చేశారు. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే, ఆ అచ్చుల మీద సెట్లు తయారుచేసేవారు. నేను తొంభైల మొదట్లో ఆయన దగ్గర చేరి, ఎనిమిదేళ్ళ తర్వాత పాలకొల్లులో సొంత కొట్టు పెట్టుకున్నాను.

అంతకుముందు నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఏ పనైనా నోటుబుక్కులో అంకెలు వేసి రాసుకుని నేర్చుకోవడం నా అలవాటు. సెట్టుకు మెరుగు పెట్టడానికే పదకొండు అంచెలు రాసుకున్నాను: ముతక కాగితంతో రుద్దడం, సన్న కాగితంతో రుద్దడం, తడిపిన మెరుగుపొడితో, తిరిగే గుడ్డచక్రం మీద పట్టడం, ఇలా. ఆయన ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, "బానే ఉందండి. ఎక్కడ ఆపాలో మాత్రం రాయలేదు," అన్నారు. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడి తలూపాను.

ఆ నెలలోనే వీధుల్లో చేపలమ్ముకునే ఒకావిడకు పై సెట్టు చేశాను. అది పూర్తిగా నా చేతిమీదుగా జరిగిన మొదటి పని. రెండువైపులా ఒకే శ్రద్ధతో పదకొండు అంచెలూ పూర్తిచేశాను. మూడోరోజున ఆవిడ గంపతో సహా కొట్టు మెట్లెక్కింది.

"ఏంటి బాబూ ఈ పళ్ళు? గంప దింపి 'బొమ్మిడాయిలో' అని కేకేస్తే మాటకంటే ముందు ఇవే గంపలో పడ్డాయి! బేరానికొచ్చినావిడ 'ఇదేం చేపే?' అంటంది. ఊరంతా నవ్వతన్నారు. నోరు తెరవకుండా చేపలెలా అమ్ముకోమంటావు?"

గురువుగారు సెట్టు తిప్పి, అంగిటికి ఆనే వైపు వెలుతురులో చూశారు. ఆయనకు కోపం వస్తే 'అండి'లు ఎక్కువయ్యేవి. "ఎవరు మొహం చూసుకోడానికి చేశారండి ఈ అద్దం?" అన్నారు నాతో, మెల్లగా. ఆవిడతో మాత్రం, "తప్పు మా కొట్టుదమ్మా. రేపటికి సరిచేసి ఇస్తాం," అన్నారు. తనే ఆవిడను డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళి, కొత్త అచ్చు తీయించి, లోపలి పొర మళ్ళీ వేశారు.

సాయంత్రం దొడ్లోంచి ఒక చేమాకు, ఒక పాత పెంకు తెచ్చి బల్ల మీద పెట్టారు. చేమాకు మీద నీటిచుక్క వేస్తే గుండ్రంగా నిలబడి, జారి కిందపడింది. పెంకు మీద వేస్తే పరుచుకుంది.

"మన పని ఈ రెంటి మధ్యదండి. బయటివైపు మెరవకపోతే పాచి పడుతుంది, పులుసు రంగు దిగుతుంది. లోపలివైపు మెరిస్తే అంగిటి గీతలన్నీ అరిగిపోయినట్టే, సందు వచ్చినట్టే. సెట్టుని పట్టి ఉంచేది జిగురు కాదు. మధ్యన పల్చగా పరుచుకునే ఉమ్మి. దానికి చోటివ్వాలి."

తడిసిన రెండు అద్దాలను ఒకదాని మీద ఒకటి పెట్టి ఊడదీయమన్నారు. పక్కకు జరిగాయి గాని విడిపోలేదు. ఆ రాత్రే నా పుస్తకంలో పన్నెండో అంచె రాసుకున్నాను: లోపలివైపు ముట్టుకోరాదు.

మర్నాడు ఆవిడ సెట్టు పెట్టుకుని, కొట్టులోనే నిలబడి "బొమ్మిడాయిలో!" అని కేకేసింది. ఎదురు కొట్టువాడు "ఎంతే?" అంటూ బయటికొచ్చాడు.

ఆయన ఎక్కడున్నా ఉపరితలాలనే చూసేవారు. హోటల్లో అరిటాకు మీద నీళ్ళు చల్లి, తుడవకుండా కాసేపు చూస్తూ ఉండేవారు. "ఏంటండీ, ఆకులో ఏమైనా పడిందా?" అనేవాడు వడ్డించే మనిషి. "ఏం పడినా అంటుకోదండి, అదే చూస్తున్నా," అనేవారు. తన పళ్ళు ఊడిపోయినప్పుడు సెట్టు చేసే పని నాకు ఇచ్చారు. నేను చేసి తీసుకెళ్తే, నోట్లో పెట్టుకునే ముందు లోపలివైపు ఒక చుక్క నీళ్ళు వేసి చూసి, "ఊఁ" అన్నారు. ఎనిమిదేళ్ళ కొలువుకు నాకు దక్కిన ప్రశంస అంతే, నాకది చాలింది.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. చెంపలు లోపలికి పోయి, ఎవరో తెలియని ముసలాయనలా ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ప్రయత్నించారట, పై సెట్టు పెట్టగానే జారిపోతోందట. "ఇప్పుడు పళ్ళెందుకక్కా, టైమైపోతోంది," అంటున్నాడు ఆవిడ తమ్ముడు.

"ఊరందరికీ పళ్ళు పెట్టిన మనిషిరా. ఆయన్ని బోసినోటితో పంపమంటావా?" అన్నారావిడ.

సెట్టు చేతిలోకి తీసుకున్నాను. లోపలి గీతలు నేను వదిలినవి వదిలినట్టే ఉన్నాయి. ఎండిపోయి ఉంది, అంతే. నోరూ ఎండిపోయి ఉంది. తలదగ్గరి గ్లాసులోంచి తులసి తీర్థం రెండు చుక్కలు అంగిటికి ఆనే వైపు వేశాను. పరుచుకుంది. పెట్టి, బొటనవేలితో నొక్కి పట్టుకుని, ముప్పై లెక్కపెట్టి వదిలాను. నిలిచింది. కింది సెట్టు కూడా పెట్టి, దవడకు గుడ్డ కట్టాం.

"ఇప్పుడు ఆయనలా ఉన్నారండి," అన్నారావిడ.

పాడె మార్కెట్ వీధిలోకి తిరిగేసరికి ముందునుంచి "బొమ్మిడాయిలో" అని కేక వినబడుతోంది. ఆవిడే. పెద్దదైపోయింది, ఇప్పుడు పెట్టుకున్నది, నేను చేసింది అరిగిపోయాక మా గురువుగారు చేసిచ్చిన రెండో సెట్టు. మమ్మల్ని చూసి కేక ఆపి, గంప దింపి, పక్కకు తప్పుకుంది. పాడె మీది మొహంకేసి చూసినంతసేపు చూసి దణ్ణం పెట్టింది.

మేము మలుపు తిరిగాక వెనకనుంచి ఆ కేక మళ్ళీ మొదలైంది. చాలా దూరం వినిపించింది, ఒక్క అక్షరమూ జారకుండా.