పది సెంటీమీటర్ల గడ్డిదిబ్బ

ఆ కొండల పేర్లు ఎవరికీ తెలియకపోవడానికి మంచి కారణమే ఉంది. అక్కడ చూడటానికేమీ లేదు. గొర్రెలు, బురద, ముళ్లకంచె, వాన. మా హ్యూబర్ట్ మావయ్య ముప్ఫయ్యొక్క ఏళ్ల ఆదివారాలు వాటికే ధారపోశాడు. కెండల్ ఊళ్లో ఉత్తరాలు పంచుతూ వారమంతా నడిచేవాడు సెలవునాడూ నడవడమేమిటని అడిగి అడిగి అత్త మానేసింది.

మా జిల్లాలో ఇలాంటి కొండలు నూట ఎనభై తొమ్మిదని మావయ్య ఉన్న కొండలెక్కేవాళ్ల సంఘం తేల్చింది. సంఘమంటే ఏడుగురు ముసలాళ్లు. కొండ మీద అన్నిటికన్నా ఎత్తయిన చోట చేయో కాలో మోపితేనే ఎక్కినట్టు లెక్క. అన్నీ ఎక్కినవాళ్ల పేరు ఒక తగరపు కప్పు మీద చెక్కిస్తారు. ఆరు పేర్లున్నాయి. శనివారం విందులో ఏడోది మావయ్యది.

గురువారం సంఘం పత్రిక వచ్చింది. ఎవడో పరికరం పెట్టి కొలిచాడట. డన్‌హాగ్ కొండ మీద అందరూ తాకే రాళ్లకుప్ప అసలు శిఖరం కాదట. కాస్త అవతల బురదలో ఉన్న గడ్డిదిబ్బ దానికన్నా పది సెంటీమీటర్లు ఎత్తట.

"రేపు కారు నువ్వు నడపాలిరా కీరన్" అన్నాడు మావయ్య. ఆయన మోకాలికి ఆపరేషనై ఆరు వారాలే. కాలేజీ మానేసినవాడికి ఎప్పుడూ తీరికేనని మా ఇంట్లో అందరి నమ్మకం.

"ఎవరు చూడొచ్చారు మావయ్యా? ఊరుకోరాదూ?"

"నేను చదివానుగా."

మర్నాడు కారు దిగాక అరగంట నడక రెండు గంటలు పట్టింది. దిబ్బకి ఇరవై అడుగుల దూరంలో ఆయన కుడికాలు తొడదాకా దిగబడింది. చంకల కింద చేతులేసి లాగాను. మోకాలు ఉబ్బిపోయింది. ఇంతా చేసి ఆ దిబ్బ బోర్లించిన గిన్నెంత ఉంది.

"కూర్చో. నేను తాకొస్తా. ఎవరికీ చెప్పను."

"నీ కాళ్లు నావెలా అవుతాయిరా?"

"పోనీ కర్ర చాపి తాకు."

"కప్పు మీద కర్ర పేరు చెక్కరు."

దిబ్బనే చూస్తూ చీజ్ సాండ్‌విచ్ తిని కిందికి దిగాడు.

విందు పబ్ వెనక గదిలో. సంఘం పెద్ద వినిఫ్రెడ్ కప్పు ఎత్తగానే మావయ్య లేచాడు.

"నా పేరు చెక్కించకండి. డన్‌హాగ్ నేను ఎక్కలేదు."

ఆరు తలలూ ప్లేట్లలోకి వంగాయి. వాళ్లు తాకిందీ ఆ రాళ్లకుప్పనే మరి.

"పత్రిక చదివావన్నమాట" అంది వినిఫ్రెడ్.

"మీరు చదవలేదా?"

"అందలేదని చెబుదామనుకున్నాను."

"నేనైతే కళ్లజోడు పోయిందందామనుకున్నా" అన్నాడు పక్కనున్న డెస్మండ్, కళ్లజోడు పెట్టుకునే.

వినిఫ్రెడ్ కప్పుని పేర్లు గోడవైపు ఉండేలా తిప్పి పెట్టింది. ఇప్పుడు మా జిల్లాలో అన్నీ ఎక్కినవాడు ఒక్కడూ లేడు.

జూన్‌లో బురద ఎండుతుందట. ఏడుగురూ కలిసే వెళతారట. వ్యాను నేను నడపాలట. గిన్నెంత దిబ్బ ఎక్కడానికి వరసలో నిలబడే ముసలాళ్లని చూసే ఖర్మ నాకే పట్టింది.