కాటుకరాణి బావిలో దూకితే

ఆరిఫా కుట్టుపని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్లయి భద్రాచలం వచ్చిన కొత్తలో అత్తగారి పాత జాకెట్టు ఒకటి కుట్లన్నీ విప్పి, ముక్కలు చాప మీద పరిచి, మళ్లీ కలిపింది. నాలుగోసారికి జాకెట్టు చేతులు సరిగ్గా కూర్చున్నాయి. ఇరవై రెండేళ్లుగా బస్టాండు వెనక సందులో ఆమె దుకాణం నడుస్తోంది. దేన్నయినా విప్పి చూస్తే మర్మం తెలుస్తుందని ఆమె నమ్మకం. కథలనైనా సరే.

అందుకే మధ్యాహ్నం రెండింటికి టీవీలో వచ్చే 'ఏడు నీడల కోట' సీరియల్లో రేపేమవుతుందో ఆడవాళ్లు ఆమెనే అడుగుతారు. ఆ ముచ్చట్ల కోసం కూతురు ఫరహా ఒక వాట్సాప్ గ్రూపు కూడా పెట్టింది. దుమ్ముగూడెం నుంచి ఖమ్మం దాకా రెండువందల పన్నెండు మంది అందులో ఉన్నారు. ఆరిఫా రాయదు, మిషన్ తొక్కుతూనే గొంతు రికార్డు చేసి పంపుతుంది.

సీరియల్ కథ ఇదీ. కాటుకరాణి అనే మాయరాణి యువరాణి నీడను దొంగిలించి దాచేసింది. ఆ రాజ్యంలో నీడ లేనివాళ్లను దొంగలంటారు. ఊరంతా కలిసి యువరాణిని అడవికి తరిమింది. ఇప్పుడు ఆఖరి వారం నడుస్తోంది. కోట మీదికి రాతిభూతాలు వస్తున్నాయి. వాటిని ఆపాలంటే ఎవరో ఒకరు అగ్నిబావిలో దూకాలి.

"కథ రాసేటోడు గూడ టైలరే," అని సోమవారం ఆరిఫా గొంతు పంపింది. "ఏడ లోపల బట్ట వదిలిండో చూసుకోవాలె. ఆడ తర్వాత విప్పుతడు. మూడో ఎపిసోడ్ల యువరాణికి జ్వరమొస్తే కాటుకరాణి చాటుగ కషాయం పెట్టలే? ఆడ వదిలిండు. శనివారం విప్పుతడు. దుంకేది ఆమెనే. ప్రాణమిస్తది, పాపం కడుక్కపోతది."

"దుంకేముందు ఆ నగలన్నీ తీసి పక్కన పెట్టమను అక్కా," అంది దుమ్ముగూడెం జంపక్క. "బావిల పడితే ఎవరికీ పనికిరావు."

నవ్వే బొమ్మలు వరుసగా పడ్డాయి. రాణి దూకాలని గ్రూపులో ముప్పాతిక వంతు మంది ఒప్పుకున్నారు. ఆరిఫాకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది.

మంగళవారం గ్రూపులోకి పేరు లేని నంబరు నుంచి ఒక గొంతు వచ్చింది.

"అక్కలందరికి దండం. పర్ణశాల నుంచి మాట్లాడుతున్న. రాణి బావిల దుంకితె ఆమె పాపం పోతదంటున్నరు. మంచిగనే ఉన్నది. మరి యువరాణి సంగతేంది? ఊరోళ్లు ఆమెను దొంగ అన్నరు గద. ఆ మాట ఎవరు తీస్తరు? నీడ ఏడ దాచిందో రాణికొక్కదానికే ఎరుక. ఆమె సస్తె చెప్పేటోళ్లే ఉండరు."

గొంతు వెనక మిషన్ చప్పుడు ఆగింది. చక్రాన్ని అరచేత్తో ఆపిన చప్పుడు. టక్, ఒక ఊపిరి, మళ్లీ టక్. అలా రెండుసార్లు ఆపే మనిషి ఆరిఫాకు తెలిసి ఒక్కతే. ఆమె పేరు సక్రి.

తొమ్మిదేళ్ల కింద ఈ దుకాణంలో రెండో మిషన్ సక్రిది. తండా నుంచి పొద్దున్నే బస్సులో వచ్చేది. ఒకరోజు ఒక పంతులమ్మ కొత్త జాకెట్టు తొడిగి చూసుకుంటూ చెవికమ్మ పోగొట్టుకుంది. వెతికారు, దొరకలేదు. "తండా పిల్ల ఉన్నది గద, అడగండ్రి," అంది పంతులమ్మ. సందులో జనం చేరారు. సక్రి సంచి రోడ్డు మీద గుమ్మరించారు. టిఫిన్ డబ్బా, టేపు, చెల్లెలికి కొన్న రిబ్బన్లు. సక్రి ఆరిఫా ముఖం వైపే చూసింది. ఆరిఫా అవుననలేదు, కాదనలేదు. సక్రి అన్నీ ఏరుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

రెండు నెలల తర్వాత ఇస్త్రీ బల్ల మీది దుప్పటి మారుస్తుంటే మడతలోంచి కమ్మ జారిపడింది. అప్పటికి పంతులమ్మ బదిలీ మీద ఎర్రుపాలెం వెళ్లిపోయింది. ఇప్పుడు చెబితే దుకాణం పేరు పోతుందని ఆరిఫా దాన్ని దారం చుట్టే బాబిన్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆ మూత కింద అది ఇప్పటికీ ఉంది.

బుధవారం ఆమె ఒక జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమకు కుట్టింది. దుకాణం ముందు కుక్కర్లు బాగుచేసే భర్త సర్వర్ అది చూశాడు.

"ఏంది, ఇరవై రెండేండ్లల గిట్ల ఎన్నడు కుట్టలే."

ఆరిఫా డబ్బా తెచ్చి మూత తీసి చూపించి, జరిగిందంతా, నిన్నటి గొంతు సక్రిదని కూడా చెప్పింది. సర్వర్ కమ్మను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది దొరికినట్టు సక్రికి తెలుసా?"

"తెల్వది. తెలుసేమో. ఆ మాట నాకే అన్నట్టున్నది."

"అట్లయితే పర్ణశాల పో. ఇంట్ల కూసొని మాఫ్ అడుగు. ఎవరికి తెల్వది, దుకాణం పేరు ఆగమైతది లేకపోతె."

"దొంగ అన్నది బజార్ల, ఫరహా అబ్బా. మాఫీ ఇంట్లనా?"

సర్వర్ కుక్కర్ మూతను కొట్టాల్సిన దానికన్నా నాలుగు దెబ్బలు ఎక్కువే కొట్టాడు.

ఆరిఫాకు తల్లి మాట గుర్తొచ్చింది. అల్లా తన హక్కును తాను మాఫ్ చేస్తాడు, మనిషి హక్కు మనిషే మాఫ్ చేయాలని ఆమె అనేది. రాణిని చంపి గట్టెక్కించాలని తానెందుకింత ఆరాటపడిందో అప్పుడు తెలిసింది. చచ్చినామెను ఎవరూ ఏమీ అడగరు.

గురువారమంతా ఫోను ముట్టలేదు. శుక్రవారం పదకొండింటికి మిషన్ ఆపి, గ్రూపు తెరిచి, మైకు గుర్తు మీద బొటనవేలు అదిమి పట్టింది. రెండుసార్లు వేలు దానంతటదే ఎడమకు జారి, మాట రద్దయింది. మూడోసారి కళ్లు మూసుకుంది.

"సోమవారం నేను చెప్పింది తప్పు. రాణి దుంకొద్దు. నీడ ఆమె దగ్గర్నే ఉన్నది, డబ్బాల. తొమ్మిదేండ్ల నుంచి ఉన్నది. అందరి ముందట నిలబడి చెప్పాలె, ఆ పిల్ల దొంగ కాదు, నేనే దాచిన అని."

పంపింది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. అది వణకడం మొదలైంది. తిప్పి చూస్తే చప్పట్ల బొమ్మలు.

"ఏం చెప్పినవ్ అక్కా, గిదే ఎండింగ్ పెట్టాలె."

"డబ్బాల నీడ. మస్తుగున్నది."

"తొమ్మిదేండ్లా?" అని జంపక్క గొంతు. "సీరియల్ మొదలై తొమ్మిది నెలలే గద అక్కా. లెక్క తప్పినవ్."

ఆరిఫా ఫోను చేతిలోకి తీసుకుంది. అందరూ కథే అనుకున్నారు. ఇక్కడితో ఆపినా ఆపవచ్చు. చెప్పానని తనకు తాను అనుకోవచ్చు. పేరు లేని నంబరు వైపు చూసింది. సక్రి కూడా విన్నట్టు గుర్తు చూపిస్తోంది.

మళ్లీ మైకు నొక్కింది.

"ఇది సీరియల్ కాదు జంపక్కా. నేను ఆరిఫాను, బస్టాండ్ ఎనక టైలర్‌ను. నా దుకాణంల పనిచేసిన పిల్ల పేరు సక్రి. కమ్మ తీసిందని ఆమె సంచి రోడ్డు మీద గుమ్మరిచ్చిండ్రు. నేను సప్పుడు చేయలే. కమ్మ నా ఇస్త్రీ బల్లల దొరికింది. దొరికినంక గూడ చెప్పలే. సక్రి దొంగ కాదు. ఆమె మీద మాట పడుతుంటె చూసుకుంట నిలబడ్డది నేను."

ఈసారి ఏ బొమ్మా రాలేదు. విన్నవాళ్ల సంఖ్య నూరు దాటింది, నూటయాభై దాటింది. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. సాయంత్రం ఎదురు సందు ఆవిడ వచ్చి, కుట్టని బట్ట వాపసు తీసుకుపోయింది. సక్రి నుంచి ఒక్క మాటా రాలేదు.

శనివారం ఒంటిగంట నలభైకి సందు మొదట్లో సక్రి కనిపించింది. ఒళ్లు చేసింది, మెడలో టేపు వేలాడుతోంది. లోపలికి రాలేదు. తన సంచి గుమ్మరించిన చోటే వచ్చి నిలబడింది. ఎదురిళ్ల వాళ్లు గడపల్లోకి వచ్చారు.

ఆరిఫా డబ్బా పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లింది. నడుస్తుంటే లోపల కమ్మ గలగలమంది.

"సక్రీ, మాఫ్ చేయ్."

సక్రి మూత తీసి చూసింది. కమ్మను ముట్టలేదు.

"నాకెందుకిస్తున్నవ్ అక్కా? ఇది నాదా?"

ఆరిఫా మూత పెట్టింది.

"పంతులమ్మ ఏడుంది?"

"ఎర్రుపాలెంల. ఖమ్మం పోయి బస్సు మారాలె."

"నడువు మరి. అన్నది ఆమె. ఆమె నోటితోటే వాపస్ తీస్కోవాలె."

"ఇప్పుడా? రెండైతంది..." సీరియల్ మాట పెదాల దాకా వచ్చింది. ఆరిఫా మింగేసింది.

సక్రి ఆ మాట పట్టేసింది. "రాణిని దుంకనియ్యి. మనకు పనున్నది."

ఆరిఫా వెనక్కి తిరిగి చూసింది. సర్వర్ లేచి వచ్చి ఆమె చెప్పులు రోడ్డు మీద పెట్టి, మళ్లీ కుక్కర్ల ముందు కూర్చున్నాడు.

బస్సు గోదావరి వంతెన ఎక్కేసరికి రెండు దాటింది. కాసేపటికి ఆరిఫా ఒళ్లో ఫోను వణికింది, ఆగకుండా వణికింది. ఆమె తీయలేదు. కిటికీ పక్కన కూర్చున్న సక్రి సారపాక దాటేదాకా బయటికే చూసింది.

"మాఫ్ చేసినవా సక్రీ?" అని ఆరిఫా మెల్లగా అడిగింది.

"అడగనైతె అడిగినవ్. సోంచాయించి చెప్త."

రోడ్డు గతుకులకు డబ్బాలో కమ్మ మోగుతూనే ఉంది. ముందు సీటు వాళ్లు రెండుసార్లు వెనక్కి చూశారు. సక్రి చెయ్యి చాపి, చక్రాన్ని ఆపినట్టు, అరచేయి మూత మీద ఆనించింది. చప్పుడు ఆగింది.

"గట్టిగ పట్టుకో," అంది. "మళ్ల పోయిందంటె మళ్ల నా పేరే చెప్తరు."