ఒత్తాను అనే మాట

మా అమ్మాయి పదో తరగతిలోకి వచ్చాక మా ఇంట్లో నాకు అర్థం కాని భాష ఒకటి మొదలైంది. అలాగని నాకు ఇంగ్లీషు రాకపోలేదు. పరవాడలో మందుల కంపెనీలో పనిచేస్తాను, రోజూ ఇంగ్లీషులోనే మెయిళ్ళు రాస్తాను. అది వేరు, ఇది వేరు. ఇది "బ్రో"తో మొదలై "బ్రో"తోనే ముగుస్తుంది. కన్నతల్లిని నన్ను కూడా బ్రో అనేది. ఒకసారి గట్టిగా కసిరాను. "అబ్బా, క్రింజ్‌గా మాట్లాడకమ్మా" అంది. తిరిగి తిట్టాలన్నా ముందు నన్నేమందో తెలియాలి కదా! పళ్ళు నూరుకుని ఊరుకున్నాను.

నాన్న మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. భీమిలి దగ్గర ఒడ్డున పుట్టిన మనిషి. బుద్ధెరిగినప్పటి నుంచి సముద్రం మీదికి వేటకు వెళ్ళడం తప్ప వేరే పని ఎరగడు. ఆ చలికాలం వల లాగుతూ తెప్ప మీదే కూలబడిపోయాడు. గుండెకు ఆపరేషన్ చేయాలన్నారు. షుగర్ అదుపులోకి వస్తే గాని చేయనన్నాడు డాక్టరు. అందాకా సీతమ్మధారలో మా ఇంట్లో ఉండమని నేనే బతిమాలి తీసుకొచ్చాను. సముద్రం కనపడని ఇంట్లో ఆయనకు పొద్దు గడిచేది కాదు. బాల్కనీలో కూర్చుని "గాలెటు తిరిగిందో తెల్దు ఇక్కడ" అని గొణుక్కునేవాడు.

ఆపరేషన్ అంటే ఆయనకు భయం. పైకి ఒప్పుకుంటాడా? "నాకేటి భయం? సముద్రంలో అయితే ఏదో ఒక ఒడ్డుకి సేరతాను. మత్తులో ఎటు పోతన్నానో నాకెలగ తెలుద్ది?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన మందుల డబ్బా మరోసారి సరిచూసేదాన్ని. అమ్మ పోయాక పుట్టింట్లో నాకు మిగిలింది ఆయనొక్కడే.

అలాంటి మనిషికి కాలక్షేపం దొరికింది మా అమ్మాయి దగ్గర. అది బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పమనేవాడు.

"నాకు సెప్పరాదా, నీ ఇంగ్లీసు. మీ అమ్మ ఆపీసు ఇంగ్లీసు మాత్రం నాకొద్దు."

"చిల్ అంటే టెన్షన్ పడకుండా కూల్‌గా ఉండటం తాతా."

"సల్లగుండమనడమేగా! మా యమ్మ రోజూ అనేది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

క్రింజ్‌కి మాత్రం కాస్త ఎక్కువ సమయం పట్టింది. ఇంకెవరో చేసిన పనికి మనకు సిగ్గేయడం అని అది వివరించింది. నాన్న నా వైపు వేలు చూపించాడు. "మొన్న మీ యమ్మ ఆటోవోడితో రోడ్డు మీద గొడవాడినప్పుడు నాకయ్యిందే, అదా?"

"అదే తాతా! అచ్చంగా అదే!"

ఇద్దరూ నా వైపు చూసి ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది. కానీ నాన్న అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. వంటింట్లోకి వెళ్ళి నేనూ నవ్వుకున్నాను.

"మై బ్యాడ్" ఆయనకు బాగా నచ్చింది. తప్పు నాదే, ఇంక సాగదీయకు అని చెప్పడానికి ఇంత చిన్న మాట ఉందని తెలిశాక దాన్ని వాడని రోజు లేదు. దొంగచాటుగా బెల్లం ముక్క నోట్లో వేసుకుని నాకు దొరికిపోయి, చేతులు రెండూ పైకెత్తి "మై బ్యాడ్" అన్నాడు. ఆయన మీద అరవడానికి నాకు నోరు రాలేదు. షుగర్ అదుపులోకి వచ్చిందని డాక్టరు అనగానే ఆయన్ను కూడా "మరి తేదీ సెప్పేయ్ బ్రో" అన్నాడు. నేను తలెత్తలేకపోయాను. అప్పుడు బాగా అర్థమైంది క్రింజ్ అంటే ఏమిటో.

ఒకరోజు మా అమ్మాయి చిరాగ్గా వచ్చింది. ఎవరో స్నేహితురాలు దాన్ని ఘోస్ట్ చేసిందట. అంటే ఏటని అడిగాడు నాన్న.

"ఏమీ చెప్పకుండా మాయమైపోవడం తాతా. ఫోనెత్తదు, మెసేజ్‌కి జవాబివ్వదు. బై కూడా చెప్పదు."

"ఘోస్ట్ అంటే దెయ్యం గదే?"

"ఆఁ, దెయ్యమే."

నాన్న నవ్వలేదు. "పేరు సరిగ్గానే పెట్టాడు ఇంగ్లీసోడు. మా ఒడ్డు మీంచి అలగ పోయినోళ్ళు సేనామందే ఉన్నారు" అన్నాడు. దాని తల నిమిరి, "సెప్పకుండా ఎల్లకూడదే" అన్నాడు.

ఆ మాట వెనక ఏముందో మా అమ్మాయికి తెలియదు, నాకు తెలుసు. మా ఇళ్ళల్లో వేటకు వెళ్ళేవాడు "ఎల్తాను" అనడు. "ఒత్తాను" అంటాడు, అంటే తిరిగి వస్తానని. అంతే, ఇంకో మాట ఉండదు. ఎక్కడికని గాని, ఎప్పుడొస్తావని గాని ఎవరూ అడగరు, వెనక నుంచి పిలవరు. ఎవరైనా నోరు జారి పిలిచారా, తిరిగొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. నా చిన్నప్పుడు నాన్న తెడ్డు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగి "ఒత్తాను" అనేవాడు. అమ్మ పొయ్యి ముందు నుంచి తల కూడా తిప్పేది కాదు. ఆ మాట వినపడ్డాకే కట్టె లోపలికి తోసేది. అమ్మతో ఎంత పోట్లాడిన రోజైనా ఆయన ఆ మాట మాత్రం మానలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఆస్పత్రిలో నాన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఆకుపచ్చ గౌనులో, మొలతాడు కూడా తీసేశాక, ఇంకెవరి నాన్నో అన్నట్టు కనిపించాడు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. చెయ్యి పట్టుకున్నాను. నొక్కాడు, వదిలేశాడు. స్ట్రెచర్ కదిలింది. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. ఇప్పుడంటాడు, ఆ మలుపు దగ్గర అంటాడు అనుకున్నాను. థియేటర్ తలుపు దాకా వెళ్ళిపోయినా అనలేదు.

పిలుద్దామంటే వెనక నుంచి పిలవకూడదు. పుట్టినప్పటి నుంచి ఒంటబట్టిన భయం నన్ను ఆపేసింది.

"తాతా!"

మా అమ్మాయి అరిచింది. వరండా అంతా మోగింది. స్ట్రెచర్ తోస్తున్నాయన ఠక్కున ఆగాడు. దాని వీపు మీద ఒకటి వేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. కూర్చోబెట్టి నీళ్ళు తాగిద్దామంటే, రాత్రి నుంచి చుక్క నీళ్ళు కూడా తాగనివ్వని మనిషాయె! ఈలోగా అది పరిగెత్తుకెళ్ళి స్ట్రెచర్ పట్టుకుంది. ఏడుస్తోంది.

"ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతున్నావేంటి? నన్ను ఘోస్ట్ చేస్తున్నావా?"

నాన్న దాని మొహం చూశాడు. పెదాలు వణికాయి. ఆ వణుకు నవ్వుగా మారడం నేను కళ్ళారా చూశాను. చేతులు రెండూ పైకెత్తబోయాడు. సూది గుచ్చిన చెయ్యి లేవలేదు, ఒక్క చెయ్యే ఎత్తాడు.

"మై బ్యాడ్ బ్రో" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఒత్తానే" అన్నాడు.

తలుపులు మూసుకున్నాయి. మా అమ్మాయి నా భుజం మీద వాలిపోయింది. దాన్ని తిట్టాలన్న సంగతే మరిచిపోయాను.

వచ్చాడు. కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు తెప్ప ఎక్కనివ్వడం లేదు గాని, భీమిలిలో ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు. మొన్న ఆదివారం మేం వెళ్ళినప్పుడు, మా అమ్మాయి నీళ్ళల్లో ఆడుకుంటుంటే, మనసులో ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు నాతో ఒత్తానని ఎందుకు అనలేదు నాన్నా?"

వల మీంచి తల ఎత్తలేదు. "రాననుకున్నానే. నీకు అబద్దం ఎలగ సెప్పను?"

నేను వల అంచు చేతిలోకి తీసుకున్నాను. "మరి దానికి చెప్పావుగా?"

"అది ఏడుత్తా అడిగింది గదే" అన్నాడు నాన్న. "మాటిచ్చాక రాకపోతే ఎలగ?"