ఇరవై ఇళ్ల నెత్తురు

1926 వేసవిలో నన్ను అరకు లోయలోని సర్కారు డిస్పెన్సరీకి సివిల్ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. మైదానంలో పనిచేసే డాక్టర్లు ఎవరూ ఒప్పుకోని పోస్టింగు అది. నేను మాత్రం సంతోషంగానే కొండెక్కాను. కారణం ఎం.డి. నేను ఆ పరీక్షకు కూర్చోవాలంటే మందులివ్వడం వస్తే చాలదు. ఒంట్లో నెత్తురు ఎలా తయారవుతుంది, జబ్బు చేస్తే అందులో ఏం మారుతుంది వంటి మూలశాస్త్రాలన్నీ మళ్లీ మొదటినుంచి చదవాలి. సొంతంగా చేసిన పరిశోధన ఒకటి రాసి చూపించాలి. మన్యపు జ్వరం మీద రాయడానికి మన్యం కంటే మంచి చోటేముంది అనుకున్నాను.

మన్యపు జ్వరమంటే మలేరియా. వేలు పొడిచి, చుక్క నెత్తురు గాజుపలక మీద పలచగా పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఎర్రకణాల్లో దాని క్రిములు కనబడతాయి. కొండదొరలనే గిరిజనులుండే ఇరవై గడపల ఊరొకటి ఎంచుకుని, ఇంటికొకరి చొప్పున నెత్తురు కావాలని కబురంపాను. డిస్పెన్సరీ వదిలి కదిలే వీల్లేక, టీకాలు వేసే అప్పారావుకు పని నేర్పి పంపాను. ఒక్కోదాని మీద ఒక్కో ఇంటి పేరుతో ఇరవై పలకలూ శుభ్రంగా తెచ్చాడు.

ఒక్కదానిలోనూ క్రిమి లేదు! చుట్టుపక్కల ఊళ్లన్నీ జ్వరంతో మూలుగుతుంటే ఈ ఊరొక్కటీ ఎలా తప్పించుకుంది? సంబరంతో నాకు అన్నం సయించలేదు. జిల్లా మెడికల్ ఆఫీసరుకు నివేదిక పంపుతూ, మరిన్ని పరీక్షలు చేస్తే గాని ఏమీ తేల్చలేమని రెండో వాక్యంలోనే రాశాను. ఆయన రెండో వాక్యం దాకా వచ్చినట్టు లేదు. జ్వరం లేని ఊరికి క్వినైన్ దండగని, నెలనెలా వెళ్లే బిళ్లలు ఆపేయమని తిరుగు టపాలో హుకుం పంపారు.

వానలు పట్టాక ఆ ఊరి నుంచే ఒక అమ్మాయిని డోలీలో మోసుకొచ్చారు. "గుంట వణికిపోతంది బాబూ, బేగి సూడండి" అంటున్నాడు తండ్రి. కడుపులో బల్ల, అంటే ప్లీహం, బొడ్డు దాకా పెరిగి ఉంది. నెత్తురు నిండా క్రిములే. మందు మొదలుపెట్టి, పాత పలకలన్నీ మళ్లీ బయటికి తీశాను. ఈసారి తెల్లకణాలు లెక్కపెట్టాను. కడుపులో ఏలికపాములున్నవాళ్లకు పెరిగే ఒక రకం కణాలు ప్రతి పలకలోనూ ఒకే పాళ్లలో ఎక్కువగా ఉన్నాయి. ఇరవైమందికి ఒకే లెక్క రావడం ఎక్కడైనా ఉందా? నాకు ఒళ్లు మండిపోయింది. అప్పారావును నిలదీశాను.

"ఇంటి పేరు సెప్పి వేలు సాపినారండి, పొడిసినాను. మొకాలు సూడమని తవఁరు సెప్పలేదు కదండీ" అన్నాడు.

మర్నాడే ఆ ఊరెళ్లాను. బుద్రు అనే వేటగాడు, నిలువెత్తు మనిషి, పది వేళ్లూ చాపి గర్వంగా చూపించాడు. ఇరవై ఇళ్లకూ తానే ఇచ్చాడట. నేను వేసిన కేకలకు ఊరిపెద్ద సోమన్న తెల్లబోయాడు.

"ఏటి బాబూ, అంత కోపమైపోతన్నారు? ఇంటికో మనిసి నెత్తురు సర్కారుకి కావాలన్నారు. వెట్టికైనా బలంగున్నోణ్ణే అంపుతాం. అమ్మోరికి జబ్బు కోడిని కొయ్యం. సర్కారుకి జబ్బు నెత్తురు ఎలగిత్తాం?"

అయినా నా కోపం తగ్గలేదు. నేనే ఇంటింటికీ తిరిగి మళ్లీ నెత్తురు తీశాను. సగానికి పైగా పలకల్లో క్రిములున్నాయి. క్వినైన్ తిరిగి ఇప్పించమని రాస్తే, ముందు పంపిన నివేదికకు ఇది విరుద్ధంగా ఉంది, సంజాయిషీ ఇమ్మన్నారు. ఇచ్చాను. ఇంకొకటి అడిగారు. ఆపడానికి ఒక్క టపా చాలింది గాని, మంజూరు వచ్చేసరికి వానలు వెళ్లిపోయాయి. ఈలోగా డిస్పెన్సరీ బిళ్లల్లోంచే ఆ ఊరికి కొన్ని పంపాను. అవి ఏ మూలకీ చాలలేదు. డోలీలో వచ్చిన అమ్మాయి బతికింది. అదే జ్వరం తగిలిన సోమన్న బతకలేదు.

ఆ ఏడు నేను పరీక్షకు కూర్చోలేదు. తర్వాత కూర్చుని నెగ్గాను. ఆ చదువులో నెత్తురు గురించి చాలా నేర్పారు గాని, దాన్ని ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు. నా కింద పనిచేసిన కుర్ర డాక్టర్లందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. ఊరికి మీరే వెళ్లండి, వేలితోపాటు మొహం చూడండి, జబ్బు నెత్తురు కూడా కావాలని ముందే చెప్పండి.