గొంధో అంటే గంధం కాదు

కిందటి గురువారం పొద్దున్న మా మావయ్య పోయాడు. కుళాయి దగ్గర బకెట్టు నింపుకుని వచ్చి, గుండెల్లో ఏదో పట్టేసినట్టుందని గుమ్మంలో కూర్చున్నాడట. అత్త మంచినీళ్లు తెచ్చేలోపే అయిపోయింది. ఆవిడ నాకు ఫోన్ చేసి, "మీ మావయ్య ఎల్లిపోనాడమ్మా" అంది. నేను సాల్ట్ లేక్ నుంచి క్యాబ్ పట్టుకుని గార్డెన్ రీచ్ చేరేసరికి పది దాటింది.

ఆ ఇంటికి మా ఆఫీసు నుంచి కూడా ఒక పెద్ద పూల చక్రం వచ్చింది. దాని సంగతి చివర చెబుతాను. ముందే చెబితే నోరు చేదెక్కి మంచి మాట ఒక్కటీ రాదు.

మావయ్య మా అమ్మకు సొంత తమ్ముడు. మీసాలు రాకముందే శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ వచ్చి, ఓడలు కట్టే యార్డులో పైపుల పని నేర్చుకుని, రిటైరయ్యేదాకా అక్కడే చేశాడు. నా చిన్నప్పుడే మా నాన్న పోతే, మమ్మల్ని తన పక్క వాటాలోకి తెచ్చి పెట్టుకున్నాడు. నేను చదివిన చదువు వెనక, ఇవాళ సెక్టర్ ఫైవ్ ఆఫీసులో నా కుర్చీ వెనక ఆయనే ఉన్నాడు.

ఆయన్ని తలచుకుంటే ముందుగా నాకు గుర్తొచ్చేది ఆయన అసహ్యం. కొందరికి భక్తి ఎలా ఉంటుందో ఆయనకు అసహ్యం అలా ఉండేది, రోజూ, నిష్ఠగా. బజారుకు వెళ్తే చేప మొప్పలు ఎత్తి, వేలితో రుద్ది, ఆ వేలును చొక్కాకు తుడిచి చూసేవాడు. పూసిన ఎర్రరంగు అంటిందా, అంతే. "సచ్చిన సేపకి ముస్తాబేటిరా!" అని చేపను తిరిగి బుట్టలో పడేసి, అమ్మేవాడి మొహం కేసి ఒక చూపు చూసేవాడు. తిట్టేవాడు కాదు. ఆ చూపు పడ్డవాడు మాత్రం తలెత్తేవాడు కాదు. మాడిన నూనెలో వేసిన చాప్, అంటే ఇక్కడి బజ్జీ, తినేవాడు కాదు. నిన్నటి అన్నానికి ఇవాళ పోపు పెట్టి పులిహోర అంటే విస్తరి ముందు నుంచి లేచేవాడు. అత్తకు ఈ విషయంలో ఆయన మీద మహా కోపంగా ఉండేది.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ గడ్డం గీసుకునే పాత బ్రష్షు ఒకటి ఉండేది. యార్డు పని అయ్యాక మా వీధిలో ఎవరింట గ్యాసు పొయ్యి మొరాయించినా ఈయనే వెళ్లేవాడు. సబ్బు నురగ చేసి, ఆ బ్రష్షుతో రబ్బరు గొట్టానికి, అతుకులకు పూసి, కళ్లద్దాలు పైకి జరుపుకుని చూసేవాడు. బుడగ వచ్చిందంటే అక్కడ లీకున్నట్టు. "సూడవే, అబద్దం బుడగేస్తాది" అనేవాడు నాతో.

ఒకసారి ఆ గ్యాసు కంపుకు నేను ముక్కు మూసుకుంటే చెయ్యి లాగేశాడు. "గ్యాసుకి సొంత వాసన లేదే. మనం సచ్చిపోకండా ఈ కంపు ఎవుడో పున్నేవంతుడు కలిపినాడు. ముక్కున్నది ముక్కుపుడకెట్టుకోడానికే గాదు, వాసన సూడ్డానికి" అన్నాడు. ఆ వీధిలో ఒక్క ఇల్లూ కాలకుండా ఇన్నేళ్లు నిలిచిందంటే ఆ ముక్కు పుణ్యమే అని నా నమ్మకం.

ఇక చెప్పక తప్పని సంగతికి వస్తాను. కిందటి చలికాలంలో మా కంపెనీవాళ్లు ఎక్కడి నుంచో ఒక పాత కారవాన్ కొనుక్కొచ్చారు. వెనకటి రోజుల్లో దొరలు కారు వెనక తగిలించుకుని షికారుకు వెళ్లేవారే, అలాంటి చక్రాల ఇల్లు. లోపల పడక, చిన్న వంటగది. దాన్ని గేటు పక్క లాన్‌లో నిలబెట్టి కాఫీ కొట్టు చేద్దామని మోజు. కారుకు తగిలించే ముందు భాగంలో రెండు గ్యాసు ట్యాంకులు నిలబెట్టి ఉన్నాయి, బండి ఎంత పాతదో అవీ అంత పాతవి. వాటికి వెండిరంగు కొట్టించి, ఎవరితోనో గ్యాసు కూడా నింపించారు. సోమవారం ప్రారంభోత్సవం.

మా అడ్మిన్ ఆఫీసరు హైదరాబాద్ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. "మీరు ఇక్కడే పుట్టి పెరిగిన్రు కదా, గ్యాసు పని తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా? పైపు కలిపిస్తే అయిపోతది" అని నన్ను అడిగాడు. నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా రాస్తాను. "మా పాత వీధిలో తెలిసిన మిస్త్రీ ఒకాయన ఉన్నారు" అన్నాను.

మా మావయ్య అని అనలేదు. ఎందుకు అనలేదో నాకు బాగా తెలుసు. నా నోట్లోంచి 'ఏటి'ని ఏరి పారేసి 'ఏంటి'ని పెట్టుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. ఆయన వచ్చి నలుగురిలో "ఏటే పిల్లా" అంటే ఆ కష్టమంతా ఏటిలో కలుస్తుందని భయం. ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

శనివారం మావయ్య వచ్చాడు, ఉతికిన చొక్కా, భుజాన గోతం సంచి. అందరిముందూ నేను, ఇక్కడ పరాయి మగాళ్లనందరినీ పిలిచినట్టే, "రండి మిస్త్రీ దాదా" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. చూసి, "సెప్పండి మేడం" అన్నాడు. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి నన్ను అండీ అన్నాడు.

కారవాన్ తలుపు తీయగానే లావెండర్ సెంటు గుప్పుమంది. లోపల మూలమూలకూ సెంటు డబ్బాలు వేలాడదీశారు. దాని అడుగున ఇంకో వాసన ఉంది, నాకు చిన్నప్పటి నుంచి తెలిసినది. గేటు దగ్గర కాపలా ఉండే బెంగాలీ దాదా దూరం నుంచే ముక్కు పట్టుకుని "భీషొణ్ గొంధో! భీషొణ్ గొంధో!" అంటున్నాడు.

అడ్మిన్ ఆఫీసరు నవ్వాడు. "వారం సంది గిట్లనే మెచ్చుకుంటున్నడు. సెంటు పెట్టినప్పటి నుంచి మంచి గంధం వాసనొస్తుందంట."

మావయ్య సంచి కింద పెట్టాడు. "వారం నుంచా? బావూ, గొంధో అంటే గంధం గాదు. కంపు! ఆడు మెచ్చుకోట్లేదు, మొత్తుకుంటన్నాడు!"

ముందుగా సెంటు డబ్బాలన్నీ తీసి బయట పడేశాడు. ట్యాంకుల మరలు బిగించి, చాకు తీసి ఒక ట్యాంకు అడుగున గీకాడు. వెండిరంగు అప్పడంలా పెచ్చులూడింది. కింద అంతా తుప్పు, వేలు పెడితే పొడి రాలే తుప్పు. ఎప్పుడు పరీక్ష చేశారో చెప్పే అచ్చు ఒక్కటీ కనబడలేదు. మావయ్య మొహంలో చేపల బజారు మొహం వచ్చేసింది. "పాడెకి పట్టుచీర కట్టినట్టుంది. ఇయ్యి మార్చాల. ట్యాంకులు, గొట్టం, మర, అన్నీ కొత్తయి గావాల" అన్నాడు.

ఆఫీసరుకు నచ్చలేదు. పాతవి ఉంటేనే బండికి అందమట, ఫోటోల్లో బాగుంటుందట, సోమవారం పెద్దవాళ్లు వస్తున్నారట. చివరకు నా వైపు తిరిగి, "మీ మిస్త్రీకి జర చెప్పండి" అన్నాడు.

నేను చెప్పాను. "ఇప్పటికి కలిపేయండి దాదా, తర్వాత మారుద్దాం" అన్నాను.

అప్పుడు చూశాడు మావయ్య నన్ను. రంగు పూసిన చేపను చూసే చూపు. ఇరవై మంది తినే చోట, ఆ వాసన ఏమిటో తన చేత్తో నేర్పించిన పిల్ల అలా అంటే ఇంకెలా చూస్తాడు? ఆ చూపు ఇవాళ్టికీ నా మొహం మీద ఉంది, కడిగినా పోదు.

ఆయన కాపలా దాదాను అడిగి మగ్గుతో నీళ్లు తెప్పించుకున్నాడు. సబ్బు నురగ చేసి, జేబులోంచి బ్రష్షు తీసి, ట్యాంకు అడుగున పూశాడు. అందరూ వంగి చూస్తుండగా ఒక బుడగ లేచింది, ఉబ్బింది, పగిలింది. దాని వెనకే ఇంకోటి. "సిగరెట్టున్నోలు దూరంగెల్లండి" అన్నాడు మావయ్య మెల్లగా. ఆఫీసరు మొహం తెల్లబడింది.

మర్నాడే కొత్త ట్యాంకులు వచ్చాయి. ట్యాంకుల్ని పట్టి ఉంచే పాత బందులో అవి కుదరకపోతే మావయ్య కొత్త బందు చేయించి బిగించి, ప్రతి అతుకుకూ నురగ పూసి చూసి, "ఇప్పుడు పొయ్యి ముట్టించుకోండి" అన్నాడు. పాత ట్యాంకుల్ని అలంకారానికి ఉంచుతామని ఆఫీసరు అడిగితే ఒప్పుకోలేదు. "మల్లీ రంగేసి ఎవుడో ఎవుడికో అంటగడతాడు" అని వ్యాన్ రిక్షాలో ఇంటికి పట్టుకుపోయి, గ్యాసు పూర్తిగా వదిలేసి, మరలు పీకేసి, నిండా నీళ్లు పోసి గుమ్మం పక్కన నిలబెట్టాడు. తుప్పులో ఇంకిన ఆ కంపు వాన పడినప్పుడల్లా లేచేది. అత్త ఎన్నిసార్లు సణిగినా వాటిని తీయనివ్వలేదు.

తర్వాత నేను వాళ్లింటికి వెళ్తే, "రండి మేడం" అన్నాడు గుమ్మంలోంచి. అత్త వేళాకోళం అనుకుని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా. ఆ ఒక్కసారే అన్నాడు. మళ్లీ "ఏటే, తిన్నావా?" అనే మామూలు మావయ్య అయిపోయాడు. ఆయన మరిచిపోయాడనుకుని, క్షమాపణ అడగడం రేపటికి, ఎల్లుండికి వాయిదా వేస్తూ వచ్చాను. ఇక అడగడానికి మనిషి లేడు.

ఇప్పుడు పూల చక్రం. మావయ్య పోయినట్టు మా ఆఫీసుకు చెప్పింది కాపలా దాదా. కారవాన్ రోజు నుంచి మావయ్యకూ అతనికీ స్నేహం. నేను మాత్రం ఇంట్లో అవసరమని సెలవు పెట్టానంతే. మధ్యాహ్నం అడ్మిన్ ఆఫీసరు స్వయంగా వచ్చాడు. చక్రానికి సెంటు కొట్టి ఉంది. మీద కట్టిన అట్టముక్క మీద 'మిస్త్రీ దాదాకు' అని రాసి ఉంది. నేను పెట్టిన పేరే.

పొద్దుట పడ్డ వానకు గుమ్మం పక్క ట్యాంకులు కంపు కొడుతున్నాయి. ఆఫీసరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. "అరె, మీరు గూడ వచ్చిన్రా! ఒక మిస్త్రీ కోసం గింత దూరం! మీది మంచి మనసండీ."

"ఏటి మిస్త్రీ అండీ?" అన్నాను. ఏళ్లుగా దాచిన 'ఏటి' దానంతటదే వచ్చేసింది. "మా మావయ్య. మా అమ్మ సొంత తమ్ముడు. నన్ను పెంచినాయన." వీధి వీధంతా వినేలా అన్నాను. అత్త ఏడుపు ఆపి నా కేసి చూసింది. ఆఫీసరు రుమాలు జేబులో పెట్టుకుని, ఆ అట్టముక్క తనే విప్పి తీసేశాడు.

నేను వెళ్లి మావయ్య తల దగ్గర కూర్చున్నాను. ఆ మాట వినాల్సిన చెవుల్లో అప్పటికే దూది పెట్టేశారు. సెంటు కింద దాచిన కంపును పట్టేసిన ఆ ముక్కులో కూడా, రెండు తెల్లటి దూది ఉండలు.